ఇంటి ప్లాన్‌లో ఎక్కడ తేడా కొడుతోంది?

మా ఫ్రిజ్‌లో కూరగాయల ట్రే ఇప్పటిదాకా ఒక్కసారి కూడా పూర్తిగా బయటికి రాలేదు. తప్పు ఫ్రిజ్‌ది కాదు. వంటగది మూలలో, గోడకి ఆనించి, దానికి సరిగ్గా కొలిచి చోటు వదిలాం. తలుపు తెరిస్తే గోడకి కొట్టుకుని సగంలో ఆగిపోతుంది. ట్రే లాగితే వచ్చి ఆ తలుపుకి తగులుతుంది. ప్లాన్ ముందేసుకుని నెల రోజులు కూర్చున్నాం. ఆ మూలలో ‘ఫ్రిజ్’ అని రాసిన చిన్న చదరాన్ని ఇంట్లో అందరం ఎన్నిసార్లు చూశామో. ఆ చదరానికి తలుపు లేదని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఆ తర్వాత చుట్టాలవీ స్నేహితులవీ చాలా ప్లాన్లు చూశాను. తప్పుల్లో సగానికి పైగా ఇదే జాతి. వస్తువుకి చోటు వదులుతారు. అది తెరుచుకోవడానికి, దాని ముందు మనిషి నిలబడి వంగడానికి వదలరు. కాబట్టి ఇళ్లలో చేరాక జనం ఏమని విసుక్కుంటారో అక్కణ్నుంచే మొదలుపెడతాను. ఆ విసుగుకి మూలం ప్లాన్‌లో ఎక్కడుందో, కాగితం మీద ఉండగానే ఎలా దిద్దుకోవచ్చో చూద్దాం. టేపు, పెన్సిలు, ప్లాన్ జిరాక్సులు నాలుగైదు దగ్గర పెట్టుకోండి.

“పదీ పన్నెండు గది అన్నారు, మంచం వేస్తే అయిపోయింది”

ముందు అడగాల్సిన ప్రశ్న: ఆ 10, 12 అడుగులు ఎక్కణ్నుంచి ఎక్కడికి కొలిచారు? గోడ లోపలి ముఖం నుంచా, గోడ మధ్య గీత నుంచా? సెంటర్ లైన్ కొలత అయితే 9 అంగుళాల గోడల మధ్య మీకు దక్కేది 9 అడుగుల 3 అంగుళాలు, 11 అడుగుల 3 అంగుళాలు. రెండు వైపులా ప్లాస్టరింగ్ కలిసి ఇంకో అంగుళం తింటుంది. ఇంటి మొత్తానికి లెక్కేస్తే గోడల ఆకలి ఇంకా బాగా తెలుస్తుంది. బయటి కొలత 30 × 40 అడుగులున్న ఇంటికి చుట్టూ 9 అంగుళాల గోడ లేపితే, ఆ బయటి గోడ ఒక్కటే దాదాపు 103 చదరపు అడుగులు మింగుతుంది. ఒక చిన్న బెడ్‌రూం గోడల్లో కలిసిపోయినట్టే. లోపలి గోడల లెక్క వేరు.

రెండో కారణం, మంచం ఎటు తిరుగుతుందో తేల్చకుండా తలుపు పెట్టేయడం. పై గదినే తీసుకోండి. మంచం వెడల్పు 5 అడుగులు, పొడవు ఆరున్నర, కబ్బోర్డు లోతు 2 అడుగులు. మంచం తలవైపు పొట్టి గోడకి పెట్టి, ఎదురు గోడకి కబ్బోర్డు పెడితే కాళ్ల దగ్గర 2 అడుగుల 9 అంగుళాలు మిగులుతుంది. కబ్బోర్డు తెరిచి నిలబడొచ్చు, పక్కనుంచి నడవొచ్చు. అలా కాకుండా ఒక పొట్టి గోడ నడిమధ్యన తలుపు, ఎదుటి గోడ నిండా కిటికీ వచ్చాయనుకోండి. మంచం అడ్డం తిరగాల్సిందే. అప్పుడు మంచం ఆరున్నర, కబ్బోర్డు రెండు, కలిపి ఎనిమిదున్నర. 9 అడుగుల 3 అంగుళాల్లోంచి అది తీసేస్తే మిగిలేది జానెడు సందు. కబ్బోర్డు తలుపు తెరుచుకోదు, మనిషి దూరడు. గది అదే, కొలత అదే, తలుపు చోటు ఒక్కటే మారింది.

దిద్దుబాటు చిన్నపిల్లల పనిలా ఉంటుంది కానీ దీన్ని మించింది లేదు. ప్లాన్ స్కేలులోనే అట్టముక్కలు కత్తిరించండి. 1:50 స్కేలు అయితే డబుల్ మంచం సుమారు 3 సెంటీమీటర్లు × 4 సెంటీమీటర్ల ముక్క. కబ్బోర్డుకి, బల్లకి, సోఫాకి కూడా అలాగే. కబ్బోర్డు ముక్కకి ముందువైపు తలుపు తెరుచుకునేంత చోటు చుక్కల గీతతో కలిపి కత్తిరించండి. గదిలో వాటిని నాలుగు రకాలుగా తిప్పి చూసి, కుదిరిన తర్వాతే తలుపూ కిటికీ గీయించండి. మంచం పక్కన 2 అడుగులు, కబ్బోర్డు ముందు రెండున్నర మూడు అడుగులు దక్కకపోతే ఆ అమరిక వదిలేయండి.

“హాలు పెద్దదే, కూర్చోడానికి చోటు లేదు”

గుమ్మాలు లెక్కపెట్టండి. వీధి తలుపు, వంటగది, రెండు బెడ్‌రూములు, బాత్‌రూం, మెట్లు. ఆరు దారులు హాల్లోకి తెరుచుకుంటే అది గది కాదు, కూడలి. ఒక్కో తలుపు తన వెడల్పుతో పాటు తన ముందున్న నేలని కూడా తీసుకుంటుంది, ఎందుకంటే అక్కడ ఏమీ పెట్టలేం.

ఒక జిరాక్సు మీద ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో రంగు పెన్సిలు ఇవ్వండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి బయటికి వెళ్లేదాకా ఎవరు ఎటు నడుస్తారో గీయమనండి. పిల్లలకి ఈ పని భలే నచ్చుతుంది, పైగా పెద్దవాళ్లు దాచే నిజాలు వాళ్లు చెప్తారు. గీతలన్నీ సోఫాకీ టీవీకీ మధ్యనుంచి పోతుంటే జబ్బు అక్కడే ఉంది.

మందు: తలుపుల్ని ఒక పక్కకి పోగెయ్యండి. బెడ్‌రూములూ బాత్‌రూమూ నేరుగా హాల్లోకి కాకుండా ఒక చిన్న నడవలోకి తెరుచుకునేలా జరపండి. “నడవంటే వేస్టు కదా” అంటారు. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు నడవకి పోయేది 12 చదరపు అడుగులు. దానికి బదులుగా హాల్లో ఒక గోడ మొత్తం చేతికొస్తుంది, బాత్‌రూం తలుపు కూర్చున్నవాళ్ల కళ్లెదుట లేకుండా పోతుంది. నా వరకు అది లాభసాటి బేరమే. హాల్లో పక్కపక్కన ఉన్న రెండు గోడలు తలుపుల్లేకుండా మిగిలాయా అన్నదే పరీక్ష. మిగిలితే ఆ మూల కూర్చునే చోటు. మిగలకపోతే 200 చదరపు అడుగుల హాలైనా దారే.

తలుపుల సంగతి వచ్చింది కాబట్టి, “స్విచ్చు కోసం తలుపు వెనక తడుముకోవాలి” అన్న గొడవ కూడా ఇక్కడే తీర్చుకోవచ్చు. ప్రతి తలుపుకీ అది తిరిగే పావు వలయం గీయించండి. రెండు వలయాలు ఒకదాన్నొకటి కోస్తే ఒక తలుపు బందులు అటువైపుకి మార్చాలి. స్విచ్చులు గడియ వైపు, బందుల వైపు కాదు. బాత్‌రూం తలుపు లోపలికే తెరుచుకునేలా ఉండి, లోపల ఎవరైనా జారి తలుపుకి అడ్డంగా పడితే తెరవలేం. ముసలివాళ్లు వాడే బాత్‌రూంకి బయటికి తెరుచుకునేది గానీ పక్కకి జరిగేది గానీ పెట్టండి.

“వంటయ్యేసరికి కాళ్లు పీకుతున్నాయి”

స్టవ్వు ఒక చివర, సింకు ఇంకో చివర, ఫ్రిజ్ హాల్లో. అన్ని గదులూ గీశాక మిగిలిన చోటు వంటగదికి ఇస్తే జరిగేది ఇదే. పెద్ద వంటగది ఉంటే సుఖం అనేది కూడా భ్రమే. 1926లో మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్ట్ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కట్టే ఇళ్ల కోసం ఒక వంటగది రూపొందించింది. రైళ్లలోని వంట పెట్టెలు ఎలా పనిచేస్తాయో గమనించి, వేసే ప్రతి అడుగూ తగ్గించాలని చూసింది. ఆ గది సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు మాత్రమే. 1940లలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో వంటగదుల మీద జరిగిన పని నుంచి త్రిభుజం లెక్క వచ్చింది. స్టవ్వు, సింకు, ఫ్రిజ్‌లను గీతలతో కలిపితే ఒక్కో భుజం 4 నుంచి 9 అడుగులు, మూడూ కలిపి 13 నుంచి 26 అడుగుల మధ్య ఉండాలి. ప్లాన్ మీద స్కేలు పెట్టి కొలవడానికి నిమిషం పట్టదు.

అయితే ఆ త్రిభుజం ఒక్కరే వండుతారనుకుని వేసిన లెక్క. మీ ఇంట్లో ఇద్దరు కలిసి వండుతారా? ఎదురెదురు గట్ల మధ్య మూడున్నర అడుగులు ఒక్కరికి సరిపోతుంది, ఇద్దరుంటే నాలుగైనా కావాలి. ఒకరు వంగి కింది అర తెరిస్తే ఇంకొకరు వెనకనుంచి వేడి గిన్నెతో దాటాలి కదా. సింకుకీ స్టవ్వుకీ మధ్య కనీసం 2 అడుగుల పొడి గట్టు ఉంచండి, తరగడం అంతా అక్కడే జరుగుతుంది. స్టవ్వు వెనకే కిటికీ పెడితే గాలికి మంట ఆగదు. గట్టు ఎత్తు ఎవరో చెప్పిన అంకె కాదు: వండే మనిషిని నిలబెట్టి మోచేయి మడిచి, దానికి 4 నుంచి 6 అంగుళాలు కిందికి కొలవండి. ఇక ఫ్రిజ్‌కి గోడ వైపు నాలుగు అంగుళాలైనా వదలండి. ఎందుకో చెప్పానుగా.

“ఎక్కితే ఆయాసం, దిగితే భయం”

మెట్లు అందరూ చివరికి చూస్తారు. ప్లాన్‌లో అడ్డగీతలు కనిపిస్తే మెట్లు ఉన్నాయనుకుని ముందుకెళ్లిపోతారు. కట్టేటప్పుడు చోటు చాలక మేస్త్రీ ఎత్తు పెంచి, వెడల్పు తగ్గించి సర్దుతాడు. ఆ సర్దుబాటు మన మోకాళ్ల మీద జీవితాంతం ఉంటుంది.

లెక్క మీరే వేసుకోండి. 17వ శతాబ్దంలో ఫ్రెంచి ఆర్కిటెక్ట్ ఫ్రాంస్వా బ్లాండెల్ మనిషి నడకలో వేసే అంగ పొడవుని బట్టి చెప్పిన సూత్రం ఇప్పటికీ నడుస్తోంది: మెట్టు ఎత్తుని రెట్టింపు చేసి, దానికి మెట్టు వెడల్పు (కాలు పెట్టే లోతు) కలిపితే ఒక అంగ దూరం రావాలి. నేటి వాడుకలో అది 24, 25 అంగుళాలు. ఎత్తు 7, వెడల్పు 10 అయితే సరిగ్గా 24. కింది నేల నుంచి పై నేలకి పదిన్నర అడుగులు, అంటే 126 అంగుళాలు అనుకుందాం. ఏడేసి చొప్పున 18 ఎత్తులు. మధ్యలో తిరిగే మెట్లయితే వరసకి 9 ఎత్తులు, కాలు పెట్టే పలకలు 8. అవి 80 అంగుళాలు, అంటే 6 అడుగుల 8 అంగుళాలు. మెట్లు మలుపు తిరిగే చదును చోటు, అంటే ల్యాండింగ్, 3 అడుగులు; కింద ఎక్కబోయే ముందు నిలబడడానికి 3 అడుగులు. మొత్తం దాదాపు 12 అడుగుల 8 అంగుళాల పొడవు, పక్కపక్కన రెండు వరసలకి ఆరున్నర అడుగుల వెడల్పు, గోడలు కాకుండా. మీ ప్లాన్‌లో మెట్లకి 6 × 9 గడి ఉంటే ఆ ఇంట్లో మెట్లు ఇంకా గీయలేదన్నమాటే.

ల్యాండింగ్ కింద బాత్‌రూం అన్న ఐడియా చాలా ప్లాన్లలో కనిపిస్తుంది. పై లెక్కలో ల్యాండింగ్ ఎత్తు తొమ్మిది ఏడులు 63 అంగుళాలు. శ్లాబు మందం 5 తీసేస్తే 4 అడుగుల 10 అంగుళాలు. నిటారుగా నిలబడలేని బాత్‌రూం ఎవరికి? ఆ చోటు సామానుకి వదిలేయండి. ఇంకొకటి, ఫ్లోరింగ్ మందం ముందే చెప్పకపోతే మొదటి మెట్టో చివరి మెట్టో మిగతావాటితో తేడాగా వస్తుంది. చీకట్లో కాలు తడబడేది అక్కడే.

“పగలే లైటు వెయ్యాలి, గాలి ఆడదు”

కిటికీ వెలుగు గది లోపలికి ఎంతదాకా వస్తుందన్నది కిటికీ పై అంచు ఎత్తుని బట్టి ఉంటుంది. ఆ ఎత్తుకి రెండు, రెండున్నర రెట్ల దూరం దాకా పనికొచ్చే వెలుగు. పై అంచు 7 అడుగుల్లో ఉంటే 14 నుంచి 17 అడుగులు, ఆపైన మసకే. చుట్టూ గదులు వేసి మధ్యలో హాలు పెట్టినవాళ్లకి ఆ వెలుగు కూడా లేదు. హాలు ఒక పక్క అయినా బయటి గోడని తాకాలి, లేదా పైనుంచి వెలుగు దింపాలి. గాలికి రెండు దారులుండాలి, వచ్చేదీ పోయేదీ. బెడ్‌రూంలో తలుపుని రెండో దారిగా లెక్కవేయకండి, రాత్రి అది మూసే ఉంటుంది. పడమటి ఎండ కిందికి దిగి నేరుగా కొడుతుంది కాబట్టి సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. ఆ వైపు మెట్లో, బాత్‌రూమో, స్టోరో పెడితే ఆ ఎండ దెబ్బ అవే కాసుకుంటాయి.

“అర్ధరాత్రి ఫ్లష్ చప్పుడుకి మెలకువ”

మంచం తలవైపు గోడలో బాత్‌రూం పైపు ఉంది, అంతే. మంచం ఇంకో గోడకి, పైపు బయటి గోడకి మార్చండి. రెండు బెడ్‌రూముల మధ్య గోడ నిండా కబ్బోర్డులు పెడితే చప్పుడు కొంత బట్టల్లోనే ఆగిపోతుంది. పై అంతస్తు బాత్‌రూం కింది బాత్‌రూం మీదే ఉండాలి. లేకపోతే 4 అంగుళాల పైపు వాలు పట్టుకుని మీ వంటగది మీదుగానో, పడక మీదుగానో అడ్డంగా పోవాలి. లీకయిన రోజు ఆ సంగతి మీకే తెలుస్తుంది.

“అన్నీ ఉన్నాయి, చీపురు పెట్టే చోటే లేదు”

ఇప్పుడున్న ఇంట్లో తలుపుల వెనక, మంచాల కింద, బాల్కనీలో ఏమేం ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి. చెప్పులు, సూట్‌కేసులు, నిచ్చెన, వాషింగ్ మెషీన్, ఆరేసిన బట్టలు, ఇస్త్రీ బల్ల. కొత్త ప్లాన్‌లో ఒక్కోదానికీ చోటు చూపించండి. చూపించలేనిదల్లా హాల్లోకే వస్తుంది.

కింది అంతస్తులో ఒక బెడ్‌రూం, దానికి ఆనుకుని బాత్‌రూం ఉంటే మంచిది. రేపు చక్రాల కుర్చీ అవసరమైతే తలుపు తెరిచాక దాటడానికి ఖాళీగా 32 అంగుళాలు, తిరగడానికి 5 అడుగుల వలయం కావాలి. ఇది ముసలితనం ఊసే కానక్కర్లేదు, కాలు విరిగితే పాతికేళ్ల వాడికీ అదే లెక్క.

“మార్కింగ్ చూస్తే గుండె జారింది, ఇంత చిన్నదా!”

స్థలంలో సున్నం గీతలు పడిన రోజు దాదాపు అందరూ అనే మాట ఇది. చుట్టూ ఆరుబయలు, పైన ఆకాశం. వాటి ముందు 10 × 12 గది చాపంత కనిపిస్తుంది. ఆ కంగారులో అక్కడికక్కడే గీతలు జరిపించేవాళ్లున్నారు. ఒక గది అడుగు పెరిగితే పక్కగది అడుగు తగ్గుతుంది, మెట్ల లెక్క చెదురుతుంది, పిల్లర్లు కదులుతాయి. కంటిని నమ్మకండి. టేపు పట్టి లోపలి కొలతలు ప్లాన్‌తో సరిచూడండి. మంచం కొలతకి నాలుగు ఇటుకలు మూలల్లో పెట్టి, దాని చుట్టూ నడవండి. తలుపు చోట నిలబడి, తెరిచినట్టు చెయ్యి తిప్పండి. మెట్లు, బాత్‌రూములు, పిల్లర్లు ఆ రోజే ఖాయం చేసెయ్యండి. లోపలి నాలుగున్నర అంగుళాల గోడల గురించి ఇంకా అనుమానం ఉంటే, పునాది పని అయ్యేదాకా ఆలోచించుకోడానికి టైముంది.