స్నాతకోత్సవానికి ముందే ఒకసారి వెళ్లి రండి

పట్టా అందుకునే రోజున పిల్లల్ని చూడటానికి అందరూ వెళ్తారు. నా మాట వింటే అంతకు రెండు మూడు వారాల ముందు, చివరి పరీక్షో ప్రాజెక్టు వైవానో ముగిశాక, హాస్టల్ గది ఖాళీ చేయకముందు కూడా ఒకసారి వెళ్లండి. ఉత్సవం రోజున గౌను సర్దుకోవడానికి, ఫొటోలకే సమయం చాలదు. కళాశాల పరీక్షల విభాగంలో చాలాకాలం కౌంటరుకు లోపలి వైపు కూర్చున్నదాన్ని. చదువు ముగిసిన ఏడాదికి ఏదో ఒక కాగితం కోసం సెలవు పెట్టుకుని వచ్చేవాళ్ల ముఖాలు నాకు బాగా తెలుసు.

ఏ రోజు వెళ్లాలో మీరు నిర్ణయించకండి, పిల్లల్నే అడగండి. పరీక్ష ముందు రోజు దిగారంటే వాళ్లకు మీరు ఇంకో పేపరు అవుతారు.

వెళ్లగానే చూడవలసింది పట్టా మీద అచ్చయ్యే పేరు. పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా, ఇంటిపేరు ముందుందా వెనకుందా, పొడి అక్షరమా పూర్తి పేరా అని అక్షరం అక్షరం సరిచూడమనండి. అచ్చుకు ముందైతే సాధారణంగా ఒక దరఖాస్తుతో పని అయిపోతుంది. ఆ తర్వాతైతే ప్రమాణపత్రాలు, రుసుములు, ఎదురుచూపులు. తల్లిదండ్రుల పేర్లు కూడా అచ్చు వేసే చోట మీ పేరూ చూసుకోండి. దాన్ని ఎవరూ పట్టించుకోరు.

తర్వాత నో డ్యూస్ సంతకాలు, అంటే బాకీలేమీ లేవని ప్రతి విభాగం పెట్టేవి. లైబ్రరీ, ల్యాబ్, హాస్టల్, ఆటల విభాగం, అన్నిచోట్లా సంతకం కావాలి. ఒక్క పుస్తకం బాకీ ఉన్నా పట్టా ఆపేస్తారు. పోయిందనుకున్న పుస్తకం చాలాసార్లు పక్క గదిలోనే దొరుకుతుంది, డబ్బు కట్టే ముందు అక్కడ వెతకమనండి. డిపాజిట్ తిరిగి వేయడానికి ఇచ్చే బ్యాంకు ఖాతా మరికొన్ని నెలలు నడిచేదై ఉండాలి.

ట్రాన్‌స్క్రిప్టులు, అంటే చదివిన సబ్జెక్టులు, మార్కులు అన్నీ ఉండే అధికారిక పత్రాలు, సీలు వేసిన కవర్లలో రెండు మూడు ప్రతులు తీసుకోవడం మంచిది. దాంతోపాటు చదివిన సబ్జెక్టుల సిలబస్ కూడా దాచుకోమని చెప్పండి. పై చదువుకో, వృత్తి లైసెన్సుకో మరోచోట దరఖాస్తు చేసినప్పుడు ఏ సబ్జెక్టులో ఏమి చదివారని అడుగుతారు. అప్పటికి సిలబస్ మారిపోయి, పాతది ఆఫీసులోనే దొరకదు.

కళాశాల ఇచ్చిన ఈమెయిల్‌ను చాలాచోట్ల కొంతకాలానికి మూసేస్తారు. బ్యాంకు, ఉద్యోగ దరఖాస్తులు దానికే ముడిపడి ఉంటే ఇప్పుడే సొంత చిరునామాకు మార్చుకోవాలి. అది గూగుల్ ఖాతా అయి, టేకౌట్ అనే గూగుల్ సదుపాయాన్ని కళాశాల ఆపి ఉండకపోతే, దాని ద్వారా ఉత్తరాలు, ఫైళ్లు సొంత ఖాతాకు పంపుకోవచ్చు. ఆ పని జరుగుతున్నంతసేపు మీరు కిటికీలోంచి బయటికి చూడండి. తెరలోకి తొంగి చూడకండి.

సిఫారసు లేఖల కోసం ప్రొఫెసర్లను కలవడానికీ ఇదే అదను, ముఖం ఇంకా గుర్తుంటుంది. అయితే అడగవలసింది పిల్లలే, మీరు వరండాలో కూర్చోండి. పక్కన అమ్మో నాన్నో నిలబడితే ఏ ప్రొఫెసరైనా మొహమాటపు లేఖే రాస్తారు.

గది సర్దేటప్పుడు పుస్తకాలు చిన్న పెట్టెల్లో, బట్టలు పెద్ద పెట్టెల్లో వేయండి. పెద్ద పెట్టె నిండా పుస్తకాలు పెడితే ఎత్తడం ఎవరి తరమూ కాదు. అడగకుండా ఏదీ పారేయకండి. మీకు చినిగిన పోస్టరులా కనిపించేది వాళ్లకు నాలుగేళ్ల స్నేహం కావచ్చు. ఖాళీ అయ్యాక గోడలు, కిటికీలు ఫొటో తీయించండి. పగిలిన అద్దం ఖర్చు మీ లెక్కలో పడకుండా అవి పనికొస్తాయి.

ఉద్యోగం వచ్చిందా అని గదిలో స్నేహితుల ముందు అడగవద్దు. వాళ్లలో ఒకరికి వచ్చి, మరొకరికి రాకపోయి ఉండవచ్చు. రోజూ ఎటునుంచి నడిచి క్లాసుకు వెళ్లేవాడివో చూపించమనండి చాలు, మిగతాది దారిలో వాళ్లే చెబుతారు. గేటు దగ్గరి కాపలాదారును, వంటవాళ్లను పలకరించి కృతజ్ఞతలు చెప్పండి. సాయంత్రానికి బయల్దేరండి, ఆ రాత్రులు స్నేహితులవి.

అసలు కాగితాలు మాత్రం పెట్టెల్లో వేయకుండా చేతిసంచిలోనే తెచ్చుకోండి. సీలు వేసిన కవరు తెరవకండి, తెరిచినదాన్ని చాలాచోట్ల తీసుకోరు.