పాత కారు సెట్: రేడియో, క్యాసెట్, సీడీ మూడూ పలికించుకోవడం ఎలా

కార్లలో ఆడియో సెట్లు బిగించడం, బాగుచేయడం నా పని. విశాఖ కంచరపాలెంలో ఇంటి ముందే చిన్న షెడ్డు. పాత జెన్నో, ఎస్టీమో, శాంట్రోనో సెకండ్ హ్యాండ్‌లో కొన్న కుర్రాళ్లు వచ్చి, "అన్నా, ఈ డొక్కు సెట్ పీకేసి టచ్ స్క్రీన్ పెట్టెయ్" అంటారు. నేను వెంటనే పీకను. తాళం తీసుకుని ఆన్ చేసి చూస్తాను. చాలాసార్లు సెట్‌కి ఏ రోగమూ ఉండదు. దాన్ని వాడడం తెలిసినవాళ్లు కారు అమ్మేసి వెళ్లిపోయారు, అంతే. మూడూ ఒకే పెట్టెలో ఉన్న సెట్ ఇప్పుడు కొత్తది కొందామన్నా దొరకడం కష్టం. కాబట్టి పీకించే ముందు ఇది చదవండి.

మొదట కరెంటు సంగతి. తాళం పూర్తిగా తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయక్కర్లేదు, ఒక మెట్టు తిప్పితే సెట్ వెలగాలి. వెలగకపోతే మొదట చూడాల్సింది ఫ్యూజు కాదు, సెట్ ముఖం మీది పలక. ఊడదీసి జేబులో పెట్టుకునే పలక ఉన్న సెట్లలో దాని వెనక బంగారు రంగు చుక్కల్లాంటి పిన్నులు ఉంటాయి. మన ఊరి ఉప్పుగాలికి వాటిమీద పొర పడుతుంది. బీచ్ రోడ్డు మీద, పెదవాల్తేరులో ఆరుబయట పార్క్ చేసే కార్లలో ఇది మరీ ఎక్కువ. మెత్తని గుడ్డకి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అంటించి తుడిచి, ఆరాక పెట్టండి. చచ్చిపోయిందనుకున్న డిస్‌ప్లే చాలాసార్లు దీనికే వెలుగుతుంది. ఆ పిన్నులని వేలితో ముట్టుకోవద్దు, చెమట కూడా ఉప్పే.

రెండో ఫిర్యాదు: రాత్రి పెట్టుకున్న స్టేషన్లు పొద్దున్నకి మాయం, గడియారం మళ్లీ మొదటికి. సెట్‌కి రెండు కరెంటు వైర్లు ఉంటాయి. పసుపుది బ్యాటరీ నుంచి ఎప్పుడూ వస్తూ ఉండాలి, జ్ఞాపకమంతా దానిమీదే. ఎరుపుది తాళం తిప్పితేనే రావాలి. బిగించినవాడు తొందరలో రెండూ కలిపి తాళం వైరుకి చుట్టేస్తే ఇలా అవుతుంది. విడదీసి పసుపుది సరిగ్గా కలిపితే పది నిమిషాల పని. బ్యాటరీ మార్చినప్పుడు మాత్రం జ్ఞాపకం ఎలాగూ పోతుంది. కంపెనీ నుంచే వచ్చిన కొన్ని సెట్లు అప్పుడు కోడ్ అడుగుతాయి. తోచిన అంకెలు వరసగా కొట్టారా, సెట్ లాక్ అయిపోతుంది. కారు కొనేటప్పుడే పాత యజమానిని కోడ్ కార్డు అడిగి తీసుకోండి. ఆర్‌సీ ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం అంటాను నేను, నవ్వుకున్నా సరే.

ఇక రేడియో. "ఏటన్నా, ఇందులో ఒక్క స్టేషనూ రాట్లేదు" అని వచ్చేవాళ్ల సెట్‌ని నేను తిప్పి చూసేది ఏరియల్ కాదు, బ్యాండ్ అంకెలు. ఇది పోర్టు ఊరు. జపాన్ నుంచి వచ్చిన పాత సెట్లు ఇక్కడి కార్లలో ఇంకా కనిపిస్తాయి. జపాన్ పాత సెట్లలో ఎఫ్‌ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే. మన దగ్గర రేడియో సిటీ 91.1, బిగ్ 92.7, రెడ్ 93.5, మిర్చి 98.3, ఆకాశవాణి రెయిన్‌బో 102. అన్నీ 90కి పైనే. అంటే ఆ సెట్‌లో ఏరియల్ ఎన్ని మార్చినా ఈ ఎఫ్‌ఎం స్టేషన్లు పలకవు. దాని క్యాసెట్, సీడీ వాడుకోండి, ఎఫ్‌ఎం మీద ఆశ వదిలేయండి.

అమెరికా నుంచి తెచ్చిన సెట్ది ఇంకో తమాషా. ప్రైవేటు స్టేషన్లన్నీ బ్రహ్మాండంగా వస్తాయి, ఒక్క రెయిన్‌బో దగ్గర గరగర. కారణం ఏంటంటే, అమెరికా సెట్ 101.9 నుంచి ఒక్కసారిగా 102.1కి దూకుతుంది, నడుమ 102 మీద ఆగదు. మీడియం వేవ్‌లోనూ అంతే. అక్కడ పదేసి కిలోహెర్ట్జ్ మెట్టు, ఇక్కడ తొమ్మిదేసి. విశాఖ ఆకాశవాణి 927 మీద ఉంటే, ఆ సెట్ 920, 930 చూపించి ఊరుకుంటుంది. చాలా సెట్లలో దీన్ని మార్చుకునే ఏరియా సెట్టింగ్ ఉంటుంది. మెనూలో గానీ, సెట్ అడుగున చిన్న స్విచ్‌గా గానీ. అది యూరప్ వైపో, ఆసియా వైపో పెడితే సరిపోతుంది.

స్టేషన్ పట్టడం తేలిక. బ్యాండ్ బటన్‌తో ఎఫ్‌ఎం ఒకటికి రండి. బాణం బటన్ ఒకసారి నొక్కి వదిలితే తర్వాతి గట్టి స్టేషన్ దగ్గర అదే ఆగుతుంది. స్టేషన్ తగిలాక 1 నుంచి 6 దాకా ఉన్న అంకెల్లో ఒకదాన్ని రెండు క్షణాలు నొక్కి పట్టుకోండి, బీప్ వస్తుంది, గుర్తుపెట్టుకుంది. ఆటో స్టోర్ అని ఇంకో బటన్ ఉంటుంది, అది గట్టిగా వచ్చే ఆరు స్టేషన్లని దానంతటదే పేరుస్తుంది. నాకది ఇష్టం లేదు. డ్రైవింగ్‌లో పొరపాటున వేలు తగిలితే మీ వరసంతా చెరిపి తన వరస రాసేస్తుంది. ఎల్‌ఓసీ అనే అక్షరాలు డిస్‌ప్లే మీద వెలుగుతుంటే ఆర్పేయండి. అది ఉంటే దగ్గరి స్టేషన్ల దగ్గర తప్ప వెతుకులాట ఆగదు. ఏఎఫ్ అనేది అదే స్టేషన్ ఇంకో అంకె మీద గట్టిగా వస్తే అక్కడికి మారడానికి, టీఏ ట్రాఫిక్ కబుర్లకి; రెండూ యూరప్ కోసం పెట్టినవి, ఇక్కడ వాటిని ఆఫ్‌లోనే ఉంచండి.

ఎఫ్‌ఎం సూటిగా వచ్చే తరంగం. కొండ అడ్డమొస్తే పల్చబడుతుంది. మన ఊరికి కొండలకేం తక్కువ! యారాడ వైపు దిగినా, సింహాచలం కొండ వెనక్కి వెళ్లినా తేడా తెలుస్తుంది. ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక ఒక మలుపులో పాట, ఇంకో మలుపులో గరగర. అప్పుడు స్టీరియో నుంచి మోనోకి మార్చండి, గరగర చాలావరకు తగ్గుతుంది. మీడియం వేవ్ కొండల్లోనూ కాస్త ఎక్కువ దూరం తోడొస్తుంది, రాత్రయితే దూరపు ఊళ్ల స్టేషన్లూ తగులుతాయి. కాకపోతే దానికి హైటెన్షన్ వైర్లంటే పడదు, ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ లాంటి కాంక్రీటు కిందికి వెళ్తే గొంతు మూగబోతుంది. అది సెట్ తప్పు కాదు.

ఏరియల్ కడ్డీ సంగతి మర్చిపోతారు. లాగి పెంచే రకమైతే నెలకోసారి పొడిగుడ్డతో తుడిచి, ఒక చుక్క పల్చని నూనె రాసిన గుడ్డతో మళ్లీ తుడవండి. లేకపోతే ఉప్పుకి కీళ్లు బిగుసుకుంటాయి. మోటారుతో లేచే రకమైతే వాటర్ వాష్‌కి ఇచ్చే ముందు రేడియో ఆపి కిందికి దించండి.

క్యాసెట్ దగ్గరే నాకు చెప్పాల్సింది ఎక్కువ, ఎందుకంటే జనం పాడుచేసేదీ దాన్నే. అటకమీద అట్టపెట్టెలో ఏళ్లపాటు ఉన్న టేపుని తెచ్చి నేరుగా సెట్‌లో దూర్చేస్తారు. ఆగండి. క్యాసెట్‌ని వెలుతురుకి ఎత్తి కిటికీలోంచి చూడండి. టేపు చుట్ట అంచున తెల్లటి మచ్చలుంటే అది బూజు. మన తేమకి మామూలే. ఆ టేపు పెడితే బూజంతా సెట్ లోపల టేపుని చదివే హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టిన మంచి టేపు కూడా మొద్దుగా పలుకుతుంది. దాన్ని పక్కన పెట్టేయండి. బూజు లేకపోతే పెన్సిలో పెన్నో చక్రంలో దూర్చి వదులు లాగండి. తర్వాత ఇంట్లో టేప్ రికార్డర్ ఉంటే అందులో, లేకపోతే కారు సెట్‌లోనే, ఆ చివరి దాకా ఒకసారి పరిగెత్తించి వెనక్కి తిప్పండి. పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే విడిపోతాయి. అప్పుడు వినండి.

చాలా సెట్లలో టేపు బయటికి కనిపించే అంచు కుడివైపు ఉండేలా దూర్చాలి. కొంచెం లోపలికి తోస్తే మిగతాది అదే అందుకుంటుంది. అందుకోకపోతే తిప్పి చూడండి తప్ప బలం పెట్టకండి. రెండు బాణం బటన్లలో పాట ఎటు నడుస్తోందో అటు ఉన్నది నొక్కితే ముందుకి, రెండోది వెనక్కి. రెండూ కలిపి ఒకేసారి నొక్కితే రెండో వైపు పాడుతుంది, క్యాసెట్ తీసి తిరగేయక్కర్లేదు. ఈ ఒక్క ముక్క తెలియక 'బి సైడ్ పలకట్లేదు' అని నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.

టేపు బుస తగ్గించే డాల్బీ బటన్‌ని టేపు మీద ఆ గుర్తు ఉంటేనే నొక్కండి. గుర్తు లేని టేపుకి నొక్కితే తాళాలు, గజ్జెలు లాంటి సన్నని శబ్దాలు అణిగిపోతాయి. మెటల్ అనే బటన్ క్రోమ్, మెటల్ టేపులకి. మామూలు సినిమా పాటల టేపుకి అక్కర్లేదు. 60, 90 నిమిషాల టేపులు కారుకి మంచివి. 120 నిమిషాల టేపు చాలా పల్చన, ఎండకి వేడెక్కిన సెట్‌లో చుట్టుకుపోతుంది.

కారు ఆపాక క్యాసెట్ లోపల వదిలేయకండి. కొన్ని సెట్లలో కరెంటు పోయినా రబ్బరు చక్రం టేపుని ఇరుసుకి నొక్కే ఉంచుతుంది. రాత్రంతా అలా ఉంటే రబ్బరు మీద గుంట పడి, పాట ఊగుతూ వస్తుంది. శబ్దం మొద్దుబారితే హెడ్ మీద గోధుమరంగు పొడి పట్టిందన్నమాట. తడి క్లీనింగ్ క్యాసెట్ దొరికితే దాంతోనే కానివ్వండి. దొరక్కపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన కాటన్ బడ్‌తో, సెట్ ఆపి, మెల్లగా తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. స్క్రూడ్రైవర్ మొన ఆ దరిదాపులకి పోనివ్వొద్దు. పాట మొత్తం నెమ్మదిగా, నీరసంగా వస్తుంటే అది బెల్టు వదులు. పాత సెట్లన్నిటికీ వచ్చేదే, బెల్టు మారిస్తే లేచి కూర్చుంటుంది.

టేపుని సెట్ నమిలేస్తే? లాగొద్దు. ఇంజిన్, సెట్ రెండూ ఆపండి. మళ్లీ ఆన్ చేసి ఎజెక్ట్ నొక్కి, క్యాసెట్ ఎంత వస్తే అంతే పట్టుకుని, చిక్కుకున్న టేపుని కాటన్ బడ్ కర్రతో కొంచెం కొంచెంగా ఇరుసు మీంచి జార్చండి. రానంటే మెకానిక్ దగ్గరికి అలాగే తీసుకెళ్లండి.

సీడీకి ఇంత బతిమాలడం ఉండదు. బొమ్మ ఉన్న వైపు పైకి, అంచు ఆనిస్తే చాలు, తనే లాక్కుంటుంది. కాగితం లేబుల్ అంటించిన డిస్క్ మాత్రం స్లాట్‌లో పెట్టకండి, వేడికి అంచు లేచి లోపల ఇరుక్కుంటుంది. 8 సెంటీమీటర్ల చిన్న సీడీ కూడా వద్దు. తుడవాల్సి వస్తే నడిమి నుంచి అంచుకి సూటిగా తుడవండి, గుండ్రంగా తిప్పితే పాట పొడవునా గీత పడుతుంది. బొమ్మ వైపు గీతలు పడితే ఇంకా ప్రమాదం, మెరిసే పొర ఉండేది ఆ పక్కనే.

కంప్యూటర్‌లో రాసిన డిస్క్ ఆడకపోతే మూడు చూడండి: సెట్ ముఖం మీద ఎంపీ3 అని ఉందా, రాశాక డిస్క్‌ని ముగించారా (ఫైనలైజ్ చేశారా), అది చెరిపి మళ్లీ రాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూ కాదు కదా. పాత లేజర్లకి ఆర్‌డబ్ల్యూ మసకగా కనిపిస్తుంది, సీడీ-ఆర్ వాడండి. మామూలు ఆడియోగా రాస్తే 80 నిమిషాలే, అదే డిస్క్ మీద 128 కిలోబిట్ల ఎంపీ3 అయితే దాదాపు 12 గంటలు పడుతుంది. ఫైళ్ల పేర్ల ముందు 01, 02 అని పెడితే వరస తప్పదు.

గోతుల్లో సీడీ ఎగురుతుంటే లేజర్ పోయిందని ఎవరైనా చెబితే నమ్మే ముందు సెట్ వెనక వైపు పట్టీ స్క్రూ చూడమనండి. ముందు క్లిప్పుల మీదే వేలాడుతున్న సెట్ గాజువాక లారీల రోడ్డు మీద ఎగరక ఏం చేస్తుంది? ఇంకోటి, ఏసీలో చల్లబడ్డ కారు అద్దాలు సముద్రం పక్కన దించితే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. డిస్క్ తీసి ఓ అరగంట వదిలేయండి, అదే ఆరిపోతుంది. మే నెల ఎండలో నిలబెట్టిన కారులో వేడి గురించి సెట్ హెచ్చరిక చూపిస్తే అప్పటిదాకా రేడియో వినండి. బ్రష్షులున్న లెన్స్ క్లీనర్ డిస్కులు మాత్రం నాకు నచ్చవు. తేమకి గట్టిపడిన బ్రష్షు లెన్స్‌ని గీకుతుంది.

ఒక పక్క స్పీకర్ పలకట్లేదంటే డోరు విప్పే ముందు బ్యాలెన్స్ (ఎడమ-కుడి), ఫేడర్ (ముందు-వెనక) సున్నా దగ్గర ఉన్నాయో లేదో చూసుకోండి. డబ్బా మీద 50 ఇంటూ 4 వాట్లు అని రాసినా అది క్షణకాలపు గరిష్ఠం. నిలకడగా ఇచ్చేది అందులో సగం కూడా ఉండదు, కాబట్టి వాల్యూమ్ చివరిదాకా తిప్పి స్పీకర్లు చించుకోకండి. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ కూతలా ఒక శబ్దం పెరుగుతుంటే అది నల్ల వైరు ఎర్త్ సరిగ్గా పట్టక వచ్చేది.

ఫోన్ కలపాలంటే క్యాసెట్ ఆకారపు అడాప్టర్ ఉంది, వైరుది గానీ బ్లూటూత్‌ది గానీ. పెట్టగానే శబ్దం రాకపోతే బాణాలు రెండూ కలిపి నొక్కి వైపు మార్చండి. సిగరెట్ లైటర్‌లో పెట్టే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ కంటే దీని శబ్దం చాలా నయం. ట్రాన్స్‌మిటరే వాడతామంటే ముందు రేడియోలో ఖాళీ చోటు వెతికి, అక్కడ ఏమీ వినబడట్లేదని రూఢి చేసుకుని అదే అంకె పెట్టండి.

చివరిగా ఫ్యూజు. సెట్ వెనక 10 ఆంపియర్లది ఉంటే, పోయినప్పుడు మళ్లీ 10 దే వేయండి, 20 కాదు, సిగరెట్ పెట్టెలోని రేకు అసలే కాదు. కొత్తదీ వెంటనే పోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. ఇంకో ఫ్యూజు వేయకుండా, పసుపు వైరు విప్పేసి ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి.