రోడ్డు కింది తూమును జంతువుల దారిగా మార్చడం ఎలా

దోర్నాల నుంచి శ్రీశైలం పోయే రోడ్డయినా, రాపూరు ఘాట్ అయినా, తారు పరిచినంత మాత్రాన జంతువు తన పాత దారి మానుకోదు. వన్యప్రాణుల వంతెన అంటే చాలామందికి రోడ్డు మీదుగా కట్టే పచ్చటి వంతెనే గుర్తొస్తుంది. కానీ మన నెల్లూరు, ఉమ్మడి ప్రకాశం అడవి రోడ్ల కింద వాగులు, వంకలు పారడానికి కట్టిన తూములు ఇప్పటికే ఉన్నాయి. ముందు వాటిని బాగుచేయాలి. ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా కనపడుతుంది.

అటవీశాఖ అనుమతి లేకుండా, సిబ్బంది తోడు లేకుండా దేనికీ దిగకూడదు. అనుమతి వచ్చాక చోటు వెతకాలి. ఒక ఎండాకాలం, ఒక ఈశాన్య రుతుపవనాల కాలం పూర్తిగా చూడాలి. చచ్చిన ఉడుమును, తాబేలును కాకులు, కుక్కలు ఎత్తుకుపోకముందే, తెల్లవారుతుండగా రోడ్డు చూసి లొకేషన్ ఫోన్‌లో గుర్తు పెట్టుకోవాలి. అయితే కళేబరాల లెక్క ఒక్కటే నమ్మితే మోసపోతాం. బండ్లు మరీ ఎక్కువైన చోట జంతువు రోడ్డెక్కడానికే భయపడుతుంది. అక్కడ చావులు కనపడవు, దారి మాత్రం తెగిపోయి ఉంటుంది.

అందుకే తూము నోటి దగ్గర జల్లించిన మెత్తటి మట్టి మీటరు వెడల్పున, రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరవాలి. సాయంత్రం చదును చేసి, పొద్దున్నే చదవాలి. నక్క అడుగులో గోళ్ల గుర్తు పడుతుంది, చిరుత అడుగులో మామూలుగా పడదు. దుప్పి గిట్టలు నోటి దాకా వచ్చి, అక్కడక్కడే తొక్కులాడి వెనక్కి మళ్లాయంటే, పని చేయాల్సిన తూము అదే.

ఎందుకు మళ్లింది? వెడల్పును ఎత్తుతో గుణించి, తూము పొడవుతో భాగించండి, అన్నీ మీటర్లలో. 3 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు, 12 మీటర్ల పొడవైతే 0.625 వస్తుంది. 0.6 కన్నా తగ్గితే జింక జాతి జంకుతుందని రహదారి ఇంజనీర్ల పాత లెక్క. అదే రోడ్డును వెడల్పు చేసి తూమును 24 మీటర్లకు పొడిగిస్తే విలువ 0.31కి పడిపోతుంది. నీళ్లకు సరిపోయిన తూము దుప్పికి చీకటి గుహ అవుతుంది. విస్తరణ ప్లాన్లలో మనం గట్టిగా పట్టుబట్టాల్సింది ఇక్కడే: పొడవు పెంచితే వెడల్పు, ఎత్తు కూడా పెంచాల్సిందే.

లోపలి పనికొస్తే, నీళ్లు బయటికి దూకే చోట నేల కోసుకుపోయి మెట్టులా మిగులుతుంది. మోకాలెత్తు మెట్టు తాబేలుకు గోడతో సమానం. మూడడుగుల పొడవుకు ఒక అడుగు మించి ఎత్తు పెరగకుండా రాళ్లతో వాలు పేర్చి, సందుల్లో మట్టి కూరాలి. ఒక పక్క గోడ వెంట అర మీటరు వెడల్పు గట్టు కట్టాలి, మామూలు వరద అందనంత ఎత్తులో. గట్టు రెండు కొసలూ ఒడ్డును తాకాలి. చాలాచోట్ల దీన్ని మధ్యలోనే ఆపేస్తారు, అక్కడితో పనంతా దండగ. నోటికి అడ్డంగా పెరిగిన చిల్లకంప కొట్టేసి, స్థానిక పొదలను మాత్రం పక్కల ఉంచాలి. దగ్గర్లో దీపాలు వద్దు.

జంతువు రోడ్డెక్కకుండా తూము వైపు మళ్లించే కంచె రోడ్డు పక్కన లేకపోతే ఇదంతా వృథా. కణితి, దుప్పి దూకకుండా 2.4 మీటర్లు ఉండాలి. కింది భాగంలో సన్నకన్ను మెష్ కట్టి, అడుగును 20–30 సెంటీమీటర్లు పాతాలి. తూము నోటికి రెండు పక్కలా ఉండే రెక్కగోడకు కంచె ఆనే చోట జానెడు సందు ఉన్నా నక్క దాన్నే వెతుక్కుంటుంది. కంచె పొడవు చాలకపోతే చావులు దాని కొసల దగ్గరికి మారతాయి, అంతే. కంచె లోపల, రోడ్డు వైపు చిక్కిన జంతువు అడవి వైపు దూకడానికి మట్టి దిబ్బలూ ఉండాలి.

మహారాష్ట్రలో పెంచ్ దగ్గర 44వ జాతీయ రహదారి కింద 50 నుంచి 750 మీటర్ల వెడల్పున మార్గాలు వదిలారు, పులులు వాడుతున్నాయి. నాలుగు వరసల రోడ్డుకు పెద్ద జంతువుల కోసం అలాంటివే కావాలి, తూము చాలదు.

దారి ఒకచోటికి కుదించామంటే ఉచ్చులు పెట్టేవాడికి కూడా చోటు చూపించినట్టే. నోటి చుట్టూ వారానికోసారైనా తీగలు, వలలు వెతికి తీసేయాలి. జనవరిలో, వానలు వెళ్లగానే, ఒండ్రు తోడి, కొట్టుకుపోయిన వాలు మళ్లీ పేర్చి, మెష్ అడుగు మొత్తం తడిమి చూడాలి.