పెద్దవాళ్ల గదిలోకి డిష్ కేబుల్ లాగే ముందు

బ్రహ్మోత్సవాలు దగ్గరికొచ్చాయి. అమ్మమ్మ, తాతయ్య మంచం మీద నుంచే వాహన సేవలు చూసేలా వాళ్ల గదిలోకి కేబుల్ లాగాలనుకునే తిరుపతి వాళ్లు ఇవి చూసుకోండి.

• మేడ మీద కరెంటు తీగలు: పాత వీధుల్లో పిట్టగోడ మీంచి చేయి చాపితే అందేంత దగ్గర్లో ఉంటాయి. కేబుల్‌ను వాటి మీదుగా విసరొద్దు, ప్రాణం పోతుంది. మేడ తడిగా ఉంటే ఆ రోజు పనే పెట్టుకోవద్దు. దయచేసి ఈ ఒక్కటీ తేలిగ్గా తీసుకోకండి.

• కోసే ముందు సెట్‌టాప్ బాక్స్ ప్లగ్ తీసేయండి. డిష్ కేబుల్‌లో 13 నుంచి 18 వోల్టులు వెళ్తుంటాయి. షార్టయితే బాక్స్ పాడవొచ్చు.

• అతుకు దగ్గర తీగలు మెలిపెట్టి టేపు చుడితే చాలదు. రెండు కొసలకూ ఎఫ్ కనెక్టర్లు (కేబుల్ కొసకు బిగించే లోహపు ముక్కలు), వాటిని కలపడానికి మధ్యలో జాయినర్ పెట్టండి. కేబుల్ లోపల నడిమి తీగ చుట్టూ ఉండే సన్న తీగల జాలీలోంచి వెంట్రుకంత పోగు నడిమి తీగకు తగిలినా బొమ్మ రాదు. పోగులన్నీ వెనక్కి దువ్వి, వెలుతురులో ఒకసారి చూసి బిగించండి.

• కొనేటప్పుడు ఆర్‌జీ6 అనే రకం కేబులే అడగండి. సన్నరకంలో దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ బాగా తగ్గిపోతుంది.

• రెండో టీవీకి వేరే బాక్స్ పెడుతున్నారా? ఒక కేబుల్‌ను రెండుగా చీల్చే కేబుల్ టీవీ స్ప్లిటర్ పనికిరాదు. డిష్‌కు రెండు అవుట్‌పుట్‌ల ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కొమ్మకు ఉండి సిగ్నల్ అందుకునే భాగం) పెట్టించండి.

• కిటికీ బయట కేబుల్‌ను కాస్త కిందికి వంచి లోపలికి తీయండి. అక్టోబరు, నవంబరు వానల్లో నీళ్లు గదిలోకి రాకుండా ఆ వంపు దగ్గరే కారిపోతాయి.