గోదావరి గట్టున కూర్చొని ఆండీస్ అగ్నిపర్వతం చరిత్ర చదవడం ఎలా

అగ్నిపర్వతం అనగానే మన ఊహ నేరుగా శిఖరం మీదికి పోతుంది. అక్కడి బిలం, పొగ, ఎర్రగా కారే లావా కళ్లముందు మెదులుతాయి. కాని ఒక అగ్నిపర్వతం ఎప్పుడెప్పుడు పేలిందో, పేలినప్పుడు ఏం చేసిందో తెలుసుకోవాలనుకునేవారు శిఖరం కంటే ముందు చూడవలసిన చోటు మరొకటి ఉంది. ఆ కొండమీద పుట్టిన నదులు పల్లానికి దిగి, మోసుకొచ్చిన బరువును దించుకునే చోటు అది. ఆ చోటును చదవగల కన్ను గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి చిన్నప్పటినుంచే ఉంటుంది. గోదారికి ఎర్రనీరు వచ్చిందంటే పైన ఎక్కడో వానలు పడ్డాయని, వరద తీశాక లంకలో మేట వేసింది ఇసుకైతే ఆ పొలం ఈ ఏటికి పోయినట్టేనని, ఒండ్రైతే బంగారమని ఇక్కడ చదువు రానివారు కూడా చెప్పగలరు. ఆ జ్ఞానాన్నే ఆసరాగా చేసుకొని, కొలంబియా దేశంలో, దక్షిణ అమెరికా ఆండీస్ పర్వతాల్లో మంచు కప్పుకొని ఉన్న నెవాడో డెల్ రూయిజ్ అనే అగ్నిపర్వతం చరిత్రను మన ఊళ్లో కూర్చొని ఎలా చదువుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. ఇందుకు ఒక నోటు పుస్తకం, గ్రాఫు కాగితం, కొలత టేపు, వెడల్పు మూతి ఉన్న రెండు గాజు సీసాలు, మ్యాపులు చూపే ఫోను ఉంటే చాలు. బడిలో భూగోళం చెప్పే ఉపాధ్యాయులు పిల్లలచేత చేయించడానికి కూడా ఇది అనువుగా ఉంటుంది.

మొదట పొరలను చూడటం నేర్చుకోవాలి. మాఘ ఫాల్గుణ మాసాల్లో, గోదావరిలో నీరు తగ్గి తిన్నెలు బయటపడినప్పుడు, నది కోసుకుపోయిన లంక అంచు దగ్గరికి వెళ్లండి. అంచు మీద నిలబడకండి, దాని కిందికీ మరీ దగ్గరగా పోకండి. కోత పడిన గట్టు ఏ క్షణాన విరిగిపడుతుందో లంక రైతుకే తెలియదు. పది అడుగుల దూరం నుంచి చూసినా గోడలా నిలువుగా తెగిన ఆ మట్టిలో పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. జానెడు మందాన గరుకు ఇసుక, దానిపైన మెత్తని గోధుమరంగు ఒండ్రు, ఆపైన ఎండి బీటలు తీసిన పలుచని బంకమట్టి, మళ్లీ ఇసుక. ఈ మూడింటి జత సాధారణంగా ఒక వరదకు గుర్తు. నీరు ఉరవడిగా ఉన్నప్పుడు ఇసుక దిగుతుంది, వరద తీసేటప్పుడు ఒండ్రు దిగుతుంది, నిలిచిపోయిన నీటిలో చివరకు బంకమట్టి పేరుకుంటుంది. నోటు పుస్తకంలో పైనుంచి కిందికి ఒక్కొక్క పొర మందాన్ని, రంగును, గరుకుదనాన్ని రాసుకోండి. కింద ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది అన్నదే భూగర్భశాస్త్రానికి మొదటి సూత్రం. ఊళ్లో పెద్దవారిని అడిగితే 1986 ఆగస్టు వరద వేసిన మేట ఏ లోతులో ఉందో కొన్నిచోట్ల చూపించగలరు కూడా. అలా ఒక పొరకు తేదీ దొరికిందంటే దాని కిందివన్నీ అంతకు ముందువని తేలిపోతుంది. అగ్నిపర్వత శాస్త్రజ్ఞులు చేసేదీ ఇదే. మనుషుల జ్ఞాపకం అందనంత వెనక్కు వెళ్లినప్పుడు వారు పొరలో చిక్కుకున్న బొగ్గుముక్కలోని కార్బన్‌ను కొలిచి కాలాన్ని లెక్కకడతారు.

రెండవ పనిని నిదానంగా చేయండి, అసలు కిటుకంతా ఇందులోనే ఉంది. రెండు సీసాలలోనూ సమానంగా గుప్పెడు బంకమట్టి, గుప్పెడు ఇసుక, శనగగింజంత గులకరాళ్లు ఓ పది వేయండి. మొదటి సీసాలో ముప్పాతిక వంతు నీరు పోసి, మూత బిగించి, బాగా కుదిపి బల్లమీద పెట్టండి. రెండవ సీసాలో నీటిని చెంచాతో కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. మిశ్రమం గారెల పిండి కంటే పలుచగా, దోసెల పిండి కంటే గట్టిగా రావాలి. దాన్నీ కుదిపి పక్కనే పెట్టండి. మర్నాటికి మొదటి సీసాలో రాళ్లు అడుగున, వాటిపైన ఇసుక, ఇసుకపైన బంకమట్టి, ఆపైన తేరిన నీరు ఉంటాయి. ఇది నది పని. రెండవ సీసాలో రాళ్లు ఎక్కడివక్కడే, మట్టి మధ్యలో ఇరుక్కొని కనిపిస్తాయి. స్లాబు వేసేటప్పుడు కాంక్రీటులో కంకర అడుగుకు దిగిపోకుండా ఉండటాన్ని చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. అగ్నిపర్వతం మీది మంచు, బూడిద, రాళ్లు, మట్టి కలిసి లోయ వెంబడి దూసుకొచ్చే బురద ప్రవాహం వదిలే గుర్తు ఈ రెండవ రకానిదే. దీనిని లహార్ అంటారు, ఇది జావా భాషలోని మాట. మైదానంలో, చుట్టూ నదీ మట్టి ఉన్నచోట, ఎడ్లబండి అంత బండరాళ్లు బురదలో కూరుకొని ఉన్న పొర బయటపడితే అది మామూలు వరద వేసిన మేట కాదు. అయితే లహార్ దూరం వెళ్లేకొద్దీ నది నీటితో కలిసి పలుచబడుతుంది కాబట్టి, కిందికి పోయినకొద్దీ రెండు సీసాలకూ మధ్యరకం పొరలు కూడా దొరుకుతాయి.

మూడవది, లావా స్వభావాన్ని తెలుసుకోవడం. ఇందుకు కొలంబియా దాకా పోనవసరం లేదు. రాజమహేంద్రవరం పక్కనే కాతేరు దగ్గర, గోదావరికి ఆవలి ఒడ్డున పంగిడి, దుద్దుకూరు పరిసరాల్లో నల్లరాయి క్వారీలు ఉన్నాయి. మన ఇళ్ల స్లాబుల్లోకి, రోడ్లకింద పరిచే కంకరలోకి వచ్చే ఆ నల్లరాయి బసాల్టు, అంటే గడ్డకట్టిన లావా. దాని వయసు సుమారు 6 కోట్ల 50 లక్షల సంవత్సరాలు. దక్కను పీఠభూమి పడమటి భాగంలో పుట్టిన లావా వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి ఇక్కడిదాకా వచ్చిందని పలువురు శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. రెండు లావా పొరల మధ్య గుల్లలు, నత్తల శిలాజాలున్న సున్నపురాయి పొర కూడా ఉంది. అంటే ఒక ప్రవాహానికీ మరొక ప్రవాహానికీ నడుమ ఇక్కడ నీరు నిలిచి, జీవులు బతికేంత కాలం గడిచిందన్నమాట. క్వారీకి వెళ్లేవారు యజమాని అనుమతి తీసుకొని, పేలుళ్లు లేని వేళ చూసి వెళ్లాలి. అక్కడ మీరు గమనించవలసింది ఒక్కటే, అంత లావా పారినా చుట్టుపక్కల శంఖాకారపు కొండ ఒక్కటీ లేదు. బసాల్టు లావాలో సిలికా, అంటే లావాను చిక్కబరిచే పదార్థం, తక్కువ కాబట్టి అది పలుచగా పారి పరుచుకుంటుంది. ఆండీస్ లావా అలా పారదు.

ఆ తేడాకు కారణాన్ని ఒక బొమ్మగా గీసుకోండి. భూమి గట్టి పైపొర ఫలకాలు అనే పెద్ద పెద్ద ముక్కలుగా ఉంటుంది. ఎడమవైపు పసిఫిక్ సముద్రపు అడుగున నాజ్కా ఫలకం, కుడివైపు దక్షిణ అమెరికా ఫలకం. నాజ్కా ఫలకం తూర్పుకు జరుగుతూ ఖండం కిందికి దూరుతోంది. లోతుకు పోయేకొద్దీ తనలోని నీటిని అది పైనున్న వేడి శిలల్లోకి వదులుతుంది. నీరు చేరిన శిల తక్కువ వేడికే కరుగుతుంది. అలా పుట్టిన శిలాద్రవం మందమైన ఖండపు పొరల గుండా పైకి వచ్చేసరికి సిలికా పెరిగి చిక్కబడుతుంది. చిక్కటి ద్రవంలోంచి వాయువులు మెల్లగా తప్పించుకోలేవు కాబట్టి ఒత్తిడి పెరిగి పేలుడు జరుగుతుంది. దీనివల్ల ఏర్పడే రాళ్లు ఆండిసైటు, డేసైటు. ఆండిసైటుకు ఆ పేరు ఆండీస్ నుంచే వచ్చింది. ఒకసారి జిగట లావా, ఒకసారి బూడిద, మళ్లీ లావా ఇలా పొరమీద పొర పేరుకొని ఎత్తుగా లేచిన కొండను స్ట్రాటోవాల్కనో అంటారు. దాన్ని పొరల అగ్నిపర్వతం అంటే సరిపోతుంది.

ఇప్పుడు రూయిజ్ పేజీ తెరవండి. కొలంబియా మధ్య పర్వతశ్రేణిలో ఉన్న ఈ కొండ ఎత్తు 5,300 మీటర్ల పైచిలుకు. భూమధ్యరేఖకు దగ్గరే అయినా, ఆ ఎత్తువల్ల శిఖరం మీద ఏడాదంతా మంచు ఉంటుంది. నెవాడో అన్న స్పానిష్ మాటకు అర్థం మంచు కప్పినది. అక్కడ అగ్నిపర్వత క్రియ దాదాపు 20 లక్షల ఏళ్ల కిందట మొదలైంది. పాత కొండలు కుంగిపోయి, వాటిమీద కొత్తవి లేచి, ఇప్పటి కొండ గత లక్షన్నర ఏళ్లలో రూపు దిద్దుకుంది. శిఖరం దగ్గరున్న ఆరెనాస్ బిలం సుమారు కిలోమీటరు వెడల్పు ఉంటుంది. ఈ పాత సంగతులకు పుస్తకంలో నాలుగు పంక్తులు చాలు, ఎక్కువ చోటు మాత్రం 1595కు, 1845కు, 1985కు ఉంచండి.

1595 మార్చి 12న కొండ పేలింది. మంచు కరిగి గ్వాలీ, లగునిల్లా నదుల వెంట బురద దిగింది, ఆరువందల మందికి పైగా చనిపోయారు. పేద్రో సిమోన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఆ ఘటనను వర్ణించి పెట్టాడు. 1845 ఫిబ్రవరి 19న లగునిల్లా లోయలో మళ్లీ బురద వచ్చింది, సుమారు వెయ్యిమంది పోయారు. లోయ నోటి దగ్గర, నది కొండను విడిచి మైదానంలోకి అడుగుపెట్టే చోట, ఆ బురద విసనకర్రలా పరుచుకుంది. ఏళ్లు గడిచేసరికి ఆ నేల గొప్ప సారవంతమైంది. దానిమీద ఆర్మెరో అనే పట్టణం వెలిసింది, పత్తి, వరి పండే సంపన్నమైన ఊరు. మేటవేసిన నేల మీద ఊరు కట్టుకోవడం మనకు కొత్త కాదు, మన డెల్టా అంతా అలా పుట్టిందే. అందుకే ఆర్మెరో ప్రజలను తెలివితక్కువవారని అనడానికి నాకు నోరు రాదు. పంట పండే నేల తన కింద ఏముందో తానుగా చెప్పదు, తవ్వి చూసినవారే చెప్పాలి.

1985లో జరిగినదాన్ని గంటలవారీగా రాసుకోండి. ఏడాదిగా కొండ కింద భూమి కంపిస్తూనే ఉంది. సెప్టెంబరు 11న ఆవిరి పేలుడు జరిగి చిన్న బురద ప్రవాహం వచ్చింది. అక్టోబరు 7న ప్రమాద ప్రాంతాల మ్యాపు బయటికొచ్చింది, అందులో ఆర్మెరో ప్రమాదంలో ఉందని ఉంది. నవంబరు 13 మధ్యాహ్నం 3 గంటలు దాటాక మరో పేలుడు, సాయంత్రానికి ఆర్మెరో వీధుల్లో బూడిద రాలింది. రాత్రి 9 గంటల 8 నిమిషాలకు అసలు పేలుడు మొదలైంది. బూడిద, వేడివాయువులు, రాళ్లు కలిసిన ప్రవాహాలు మంచుమీదుగా దూసుకుపోయి దానిని తోడి కరిగించాయి. నిజానికి కరిగినది మొత్తం మంచులో పదోవంతు మాత్రమే. కాని దిగుతున్న నీరు లోయల అడుగునున్న మట్టినీ రాళ్లనూ కోసుకొని కలుపుకుంటూ కొన్నిచోట్ల నాలుగింతలకు పెరిగింది. రాత్రి 11:30 ప్రాంతంలో ఆర్మెరో మీద పడింది. కొండకు పడమట చించినా నది వెంట దిగిన బురద వల్ల పోయినవారితో కలిపి సుమారు 23,000 మంది చనిపోయారు. పేలుడు తీవ్రతను కొలిచే 0 నుంచి 8 వరకు ఉన్న కొలబద్దలో ఇది 3 మాత్రమే. పేలుడు ఎంత పెద్దదన్నదానికి ఎదురుగా మంచు ఎంత ఉంది, లోయ ఎటు దిగుతుంది, దాని చివర ఎవరున్నారు అన్న మూడు గళ్లు, ఈ పేలుళ్లకు ఒక్కొక్క వరసగా మీరు గీసుకునే పట్టికలో తప్పకుండా ఉండాలి.

తర్వాత గ్రాఫు గీయాలి. అడ్డగీత మీద ఒక సెంటీమీటరుకు 10 కిలోమీటర్లు, నిలువుగీత మీద ఒక సెంటీమీటరుకు 500 మీటర్లు పెట్టుకోండి. రూయిజ్ శిఖరం పదిన్నర సెంటీమీటర్ల ఎత్తున వస్తుంది. నది దారిన 70 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, 350 మీటర్ల ఎత్తున ఉన్న ఆర్మెరో ఏడు సెంటీమీటర్ల దూరంలో, సెంటీమీటరు ఎత్తు కూడా లేకుండా వస్తుంది. రెండు చుక్కలనూ కలపండి. అదే కాగితం మీద ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా వశిష్ఠ పాయ పొడవును ఫోను మ్యాపులో కొలిచి గీయండి. ధవళేశ్వరం దగ్గరి నేల సముద్రమట్టానికి ఇరవై మీటర్లు కూడా లేదు కాబట్టి ఆ గీత అడ్డగీతకే అంటుకుపోతుంది. గంటకు సగటున 30 కిలోమీటర్ల వేగంతో కాంక్రీటులాంటి బురద ఎలా పరుగెత్తగలిగిందో ఈ రెండు గీతలను పక్కపక్కన చూస్తే తెలుస్తుంది.

గ్రాఫు కింద హెచ్చరికల సంగతి రాయండి. మనకు ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. భద్రాచలం మట్టం విని లంకవాసులు గొడ్లను గట్టెక్కించుకుంటారు. ఆర్మెరోకు దొరికిన రెండున్నర గంటలు పశువులకు, సామానుకు చాలవు గాని, మనుషులకు చాలేవి, ఎత్తైన నేల నడిచి చేరగల దూరంలోనే ఉంది. ఆ ఘోరం తర్వాత 1986లో అమెరికా ప్రభుత్వం అగ్నిపర్వత విపత్తులలో ఇతర దేశాలకు తోడ్పడే ప్రత్యేక బృందాన్ని ఏర్పరచింది. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినతూబో పేలకముందే వేలమందిని తరలించడంలో ఆ బృందం సాయపడింది. కొలంబియా భూగర్భ సర్వే వారి మనిసాలెస్ పరిశోధన కేంద్రం ఇప్పుడు రూయిజ్‌ను రేయింబవళ్లు గమనిస్తోంది. 2012లో బూడిద వెలువడింది, 2015 నుంచి బిలంలో లావా గుమ్మటం పెరిగింది, 2023 మార్చి చివర హెచ్చరికను నారింజ స్థాయికి పెంచి జూన్‌లో తిరిగి పసుపుకు దించారు. మీ పట్టికలో చివరి వరసను ఖాళీగా ఉంచి, ఆ సంస్థ ప్రకటనలు చూసినప్పుడల్లా నింపుకోండి.

ఒక కొండతో చేయి తిరిగాక ఇదే పద్ధతిని ఈక్వడార్‌లోని కోటోపాక్సీకి వర్తింపజేయండి. అక్కడ మొదటి వరసలో 1877 జూన్ 26 అని రాయండి. ఆ రోజు మంచు కరిగి పుట్టిన బురద కొండకు మూడు వైపులా వేర్వేరు నదుల్లో దిగింది కాబట్టి, ఈసారి గ్రాఫు మీద ఒకటి కాదు, మూడు గీతలు గీయవలసి ఉంటుంది. దక్షిణాన కుతుచి నది వెంట లతకుంగా పట్టణం వైపు దిగే గీతతో మొదలుపెట్టండి.