దేశంలో ఇళ్ల ధరల పోకడని మన లాంగ్ బుక్కులో రాసుకోవడం ఎలా

మా తమ్ముడు 2012లో హైదరాబాద్ కూకట్‌పల్లిలో 28 లక్షలకి కొన్న ఫ్లాట్‌ని 2022లో 46 లక్షలకి అమ్మాడు. పాలకొల్లు వచ్చి, మా వీధి అరుగు మీద కూర్చుని "అక్కా, పద్దెనిమిది లక్షలు మిగిలాయి" అన్నాడు. వాడి సంతోషం చూసి నాకూ సంతోషమే వేసింది. కానీ హైస్కూల్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఆ రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను.

28 నుంచి 46 అంటే నూటికి 64 పెరిగినట్టు. అదే పదేళ్లలో బియ్యం, నూనె, బట్టలు, మందులు అన్నీ పెరిగాయి కదా. వాటిని కొలిచే వినియోగదారుల ధరల సూచీ 2012లో 100 అయితే, 2022 మధ్యకి 170 దాటింది. 172 అనుకుంటే, అప్పట్లో 28 లక్షలకి వచ్చే సరుకు కొనడానికి ఇప్పుడు 48 లక్షల పైచిలుకు కావాలి. వాడి చేతికొచ్చింది 46. పదేళ్లు అద్దె లేకుండా సొంత ఇంట్లో ఉన్నాడు, అది నిజమైన లాభమే. పద్దెనిమిది లక్షల మాట మాత్రం నిలబడదు.

ఆ మర్నాడే బజారుకెళ్లి రెండు వందల పేజీల లాంగ్ బుక్ కొన్నాను. ఇల్లు కొనాలనుకునే ప్రతి ఇంట్లోనూ ఇలాంటి పుస్తకం ఒకటి ఉండాలని నా గట్టి నమ్మకం. మూడు నెలలకి ఒక అరగంట పని, అంతే.

ముందుగా సూచీ అంటే ఏమిటో చెబుతాను. మన గోదావరి వాళ్లకి ఇది తేలిక. వరదొస్తే భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు. ధవళేశ్వరం దగ్గర అదే మొదటి హెచ్చరిక 11.75 అడుగులకే. భద్రాచలంలో 43 ఉంది, ఇక్కడ 12 కూడా లేదు కాబట్టి మనకేం భయం లేదని లంకల్లో ఎవరైనా అంటారా? రెండు గేజీల సున్నాలు వేరు. ఏ గేజీ అయినా నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత పెరిగిందన్నదే చూస్తాం. ఇళ్ల సూచీ కూడా అంతే. ఒక సంవత్సరాన్ని 100గా పెట్టుకుని అక్కణ్ణుంచి కొలుస్తారు. ఒక సూచీలో 130, ఇంకోదాంట్లో 300 ఉంటే రెండోచోట ఇళ్లు ఖరీదని కాదు.

మన దేశానికి నమ్మకంగా చూడదగ్గ గేజీలు రెండు. ఒకటి రిజర్వ్ బ్యాంకు మూడు నెలలకోసారి ఇచ్చే అఖిల భారత ఇళ్ల ధరల సూచీ. ఇది రిజిస్ట్రేషన్ కాగితాల్లోని ధరల మీద నడుస్తుంది. చాలాకాలం 2010-11ని 100గా పెట్టుకుని పది నగరాలనే చూసింది. ముంబై, ఢిల్లీ, చెన్నై, బెంగళూరు, కోల్‌కతాతో పాటు లక్నో, కాన్పూర్, జైపూర్, అహ్మదాబాద్, కొచ్చి ఉన్నాయి, హైదరాబాద్ లేదు! 2022-23 ఆధారంగా వచ్చిన కొత్త వరసలో నగరాలు 18 అయ్యాయి, హైదరాబాద్ చేరింది. రెండోది నేషనల్ హౌసింగ్ బ్యాంకు వారి రెసిడెక్స్. 2007లో మొదలైంది, తర్వాత 2017-18ని 100గా మార్చుకుంది. 50 నగరాలుంటాయి, వాటిలో మనకి దగ్గరివి విజయవాడ, విశాఖపట్నం. ఇందులో మళ్లీ రెండు రకాలు: బ్యాంకులు లోన్ ఇచ్చేటప్పుడు కట్టే విలువల మీద ఒకటి, ఇంకా కడుతున్న ఇళ్ల మార్కెట్ ధరల మీద ఒకటి. రెండూ ఒకే వేగంతో నడవవు. ఒకదాన్ని పట్టుకుంటే దాన్నే చివరిదాకా పట్టుకోండి.

సగటు ధర అని ఎవరైనా చెబితే పుస్తకంలో ఎక్కించకండి. భీమవరం వైపు రొయ్యల చెరువులున్న వాళ్లకి ఎందుకో చెప్పనక్కర్లేదు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. 30 కౌంట్ రేటు వేరు, 100 కౌంట్ రేటు వేరు. ఈ వారం పెద్ద రొయ్య ఎక్కువగా పట్టారనుకోండి, ఏ కౌంట్ రేటూ పైసా పెరక్కపోయినా సగటు పెరిగిపోతుంది. ఇళ్లూ అంతే, ఒక క్వార్టర్లో, అంటే మూడు నెలల్లో, పెద్ద ఫ్లాట్లు ఎక్కువ అమ్ముడైతే సగటు పైకి పోతుంది. అందుకే సూచీ కట్టేవాళ్లు చిన్నవి, మధ్యవి, పెద్దవి విడదీసి, దేనికి దాని లెక్క కట్టి, తర్వాత కలుపుతారు.

ఇక పుస్తకం. పేజీని అయిదు గడులుగా గీయండి. మొదటి గడిలో క్వార్టర్, ఏప్రిల్-జూన్, జూలై-సెప్టెంబర్ ఇలా. రెండో గడిలో సూచీ. మూడో గడిలో నిరుడు ఇదే క్వార్టర్‌తో పోలిస్తే నూటికి ఎంత పెరిగింది. నాలుగో గడిలో అదే కాలానికి వినియోగదారుల ధరలు ఎంత పెరిగాయి. అయిదో గడిలో అసలు పెరుగుదల. ఇల్లు 6 శాతం, సరుకులు 4 శాతం పెరిగితే 106ని 104తో భాగించండి, 1.019 వస్తుంది, అంటే అసలు పెరుగుదల సుమారు 1.9 శాతం. మా తమ్ముడి ఫ్లాట్ లాంటి కథల్లో ఈ అయిదో గడి మైనస్‌లోకి వెళ్లడం చూస్తారు. నేను ఆ గడి మాత్రం ఎర్ర ఇంకుతో రాస్తాను.

నిరుటి అదే క్వార్టర్‌తోనే ఎందుకంటే, ఆషాఢంలో మనవాళ్లు అడ్వాన్స్ కూడా ఇవ్వరు, మాఘం, ఫాల్గుణం వస్తే గృహప్రవేశాలే గృహప్రవేశాలు. పక్కపక్క క్వార్టర్లని పోలిస్తే ధర బదులు పంచాంగాన్ని కొలిచినట్టవుతుంది.

ఆధార సంవత్సరం, అంటే 100గా పెట్టుకున్న సంవత్సరం, మారినప్పుడు చాలామంది తప్పు చేస్తారు. పాత వరసలో ఒక క్వార్టర్‌కి 150 ఉంది, అదే క్వార్టర్‌కి కొత్త వరసలో 100 ఉంది అనుకోండి. ధర మూడో వంతు పడిపోయిందని కంగారు పడకూడదు. 150ని 100తో భాగిస్తే 1.5. ఆ తర్వాత కొత్త వరసలో వచ్చే ప్రతి అంకెనీ 1.5తో గుణించి పాత వరస కిందే రాసుకోండి, 104 వస్తే 156. అతుకు పడ్డచోట అడ్డంగా ఒక గీత గీయండి. నగరాల సంఖ్య కూడా మారింది కాబట్టి ఆ అతుకు ఎప్పటికీ కనబడాలి.

పెరుగుదల ఎక్కువో తక్కువో తేల్చుకోవడానికి నేను ఊరి వడ్డీ భాషలోకి మార్చుకుంటాను. నూటికి నెలకి రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. "పదేళ్లలో రెట్టింపు అవుతుందండీ" అని ఏజెంట్ అంటే నోరూరుతుంది. చక్రవడ్డీ లెక్కలో అది ఏడాదికి 7.2 శాతం, అంటే అరవై పైసల వడ్డీ. తమ్ముడి ఫ్లాట్ ఏడాదికి 5.1 శాతం, నలభై పైసల పైన కాస్త. ఈ మాట చెబితే మా వీధిలో చదువురాని పెద్దవాళ్లకి కూడా క్షణంలో అర్థమవుతుంది.

చార్టులతో జాగ్రత్త. 2015లో విజయవాడ దగ్గర ప్లాటు చూపించడానికి వచ్చినతను మాకో రంగుల చార్ట్ ఇచ్చాడు. గీత కొబ్బరిచెట్టు ఎక్కినట్టు నిటారుగా ఉంది. మావారు రెండు లక్షలు అడ్వాన్స్ ఇచ్చేశారు, అవి తిరిగి రాలేదు. తర్వాత తీరిగ్గా చూస్తే నిలువు గీత సున్నా దగ్గర కాక 90 దగ్గర మొదలైంది, అందుకే కొంచెం పెరిగినా అంత నిటారుగా కనబడింది. ఆ బాధ నాకింకా తగ్గలేదు. ఎవరు ఏ చార్ట్ చూపించినా ముందు ఎడమవైపు కింది మూలన అంకె చూడండి.

అన్నీ రాశాక ఒక చిక్కు మిగులుతుంది. రెండు సూచీల్లోనూ పాలకొల్లు లేదు, అమలాపురం లేదు, తణుకు లేదు. దేశం పోకడ మన వీధికి ఎంతవరకు వర్తిస్తుందో మనమే చూసుకోవాలి. దానికి ఈసీ ఉంది, అంటే ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. రాష్ట్ర రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి వివరాలు దొరుకుతాయి. మీ వీధిలో రెండుసార్లు అమ్ముడైన ఇళ్లు నాలుగైదు ఎంచుకోండి. ఈసీలో ప్రతి అమ్మకానికీ తేదీ, మార్కెట్ విలువ (ప్రభుత్వం కట్టిన విలువ), ప్రతిఫలం (కొన్నవాళ్లు ఇచ్చినట్టు కాగితంలో రాసిన ధర) ఉంటాయి. ప్రతిఫలాన్ని తీసుకుని, అదే ఇల్లు మొదటిసారి ఎంత, రెండోసారి ఎంత, మధ్యలో ఎన్నేళ్లు అని రాయండి. అమెరికాలో 2000 జనవరిని 100గా పెట్టుకున్న కేస్-షిల్లర్ సూచీ నడిచేది ఈ పద్ధతి మీదే, ఒకే ఇంటి రెండు అమ్మకాలు. మధ్యలో పైన ఇంకో అంతస్తు వేసిన ఇంటిని వదిలేయండి. సెంట్లలో ఉన్నదాన్ని గజాల్లోకి మార్చి రాయండి, సెంటుకి 48.4 గజాలు.

కాగితం మీద రేటు వేరు, చేతులు మారే రేటు వేరని మనందరికీ తెలుసు. ఆ తేడా ఏటా ఒకేలా ఉంటే పోకడకి పెద్ద నష్టం లేదు. ప్రభుత్వం రిజిస్ట్రేషన్ విలువలు పెంచినప్పుడు మాత్రం, 2025 ఫిబ్రవరి 1న మన రాష్ట్రంలో సవరించినట్టు, కాగితం రేటు ఒక్కసారిగా లేస్తుంది. అది మార్కెట్ లేవడం కాదు. నా పుస్తకంలో ఆ తేదీ పక్కన పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టాను. దానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అమ్ముడైన ఇళ్లని విడిగా వెనక పేజీలో రాస్తున్నాను.