ఫ్రెంచ్ ఫ్రైస్ మెత్తబడుతున్నాయా? నల్లబడుతున్నాయా?

బంగాళాదుంపలో దాదాపు ఐదింట నాలుగు వంతులు నీరే. కాలవలు, వరిచేలు, చేపల చెరువులు, పక్కనే సముద్రం ఉన్న మన గోదావరి డెల్టాలో గాలిలోనూ తేమకు కొదవ లేదు. ఫ్రైస్ చెడితే ముందు ఈ రెండు నీళ్లనే అనుమానించండి. వేరేచోట చక్కగా కుదిరిన పద్ధతే అమలాపురంలోనో నరసాపురంలోనో వర్షాకాలంలో మొండికేయడం అందుకే.

సమస్య: మూకుట్లోంచి తీసినప్పుడు కరకర, పళ్లెంలోకి వచ్చేసరికి మెత్తన

ఎక్కువమంది ఇళ్లల్లో బాధ ఇదే. పెద్దమంట మీద ఒకేసారి వేయించేస్తే పైన రంగు త్వరగా వచ్చేస్తుంది, మనం తీసేస్తాం. లోపలి నీరు మాత్రం అలాగే ఉంటుంది. అది ఆవిరై బయటికి వస్తూ పైపొరను నానబెట్టేస్తుంది.

దీనికి మందు రెండుసార్లు వేయించడం. బెల్జియంలో ఫ్రైస్ కొట్లవాళ్ల పద్ధతి ఇదే. దుంపల్ని చిటికెన వేలి మందాన, అంటే సుమారు ఒక సెంటీమీటరు మందంతో తరగండి. పైనున్న పిండి పోయేలా రెండు మూడు నీళ్లలో కడిగి, పొడి తువ్వాలు మీద పరిచి తడి లేకుండా అద్దండి. మొదటిసారి నూనె 150 డిగ్రీల దగ్గర ఉండాలి. థర్మామీటరు లేకపోయినా ఫర్వాలేదు: ఒక ముక్క వేస్తే అడుగుకు పోయి, చుట్టూ చిన్న బుడగలు నెమ్మదిగా రావాలి. ఐదారు నిమిషాల్లో ముక్క ఉడుకుతుంది, రంగు మారకూడదు. ఒకటి తీసి వేళ్ల మధ్య నొక్కి చూడండి. లోపల మెత్తగా నలగాలి, పైన మాత్రం పల్చటి పొర కట్టినట్టు తెలియాలి.

తీసి, ఒకదాని మీద ఒకటి పడకుండా ఫ్యాను కింద అరగంటైనా ఆరబెట్టండి. ఈ అరగంట మాత్రం ఎగ్గొట్టకండి, పైతడి ఆరేది ఇప్పుడే.

రెండోసారి నూనె 180 నుంచి 190 డిగ్రీలు. వేసిన ముక్క వెంటనే చుయ్యిమంటూ పైకి తేలాలి. ఇక చెవి పెట్టి వినండి. మొదట గోలగోలగా ఉన్న బుడగల చప్పుడు రెండు మూడు నిమిషాల్లో సద్దుమణుగుతుంది. పైపొరలో నీరు అయిపోవచ్చిందని అర్థం, అప్పుడు తీసేయండి. జల్లెడలోనో ఇనుప జాలీ మీదో పోయండి, గిన్నెలో కుప్ప పోస్తే అడుగువి ఆవిరికి మెత్తబడతాయి. మూత అసలు పెట్టొద్దు.

ముసురు పట్టిన రోజుల్లో ఇంకో జాగ్రత్త కావాలి. రెండోసారి వేయించే ముందు ముక్కల మీద బియ్యప్పిండి పల్చగా చల్లి, ఎక్కువైంది దులిపేయండి. పైపొర గట్టిపడి కాసేపు తేమను ఆపుతుంది. మొదటిసారి వేయించినవాటిని ఫ్రీజర్‌లో పెట్టి, గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే కొద్దికొద్దిగా నూనెలో వేసినా చాలా బాగా వస్తాయి. వాటికి అంటుకున్న మంచు మాత్రం దులిపి వేయండి, లేకపోతే నూనె చిట్లుతుంది.

సమస్య: పైన మాడు రంగు, లోపల పచ్చి

తప్పు మంటదే అనుకుంటాం, చాలాసార్లు దుంపది. మన రైతుబజార్లకు వచ్చే దుంప చాలావరకు బయటి రాష్ట్రాల్లో పండినదే. ఉత్తరప్రదేశ్‌లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో తవ్విన పంటను కోల్డ్ స్టోరేజీల్లో నిలవచేసి నెలల తరబడి అమ్ముతారు. బాగా చల్లటి చోట ఉన్న దుంపలో పిండి కొంత చక్కెరగా మారుతుంది. ఆ చక్కెరే నూనెలో పడగానే ముదురు గోధుమరంగుకు తిరిగి, చేదెక్కుతుంది. శ్రావణమాసంలో ఈ దుంపలూ, మన ముసురూ ఒకేసారి వస్తాయి మరి.

దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. కొన్నాక రెండు వారాలు గాలి ఆడే బుట్టలో, వెలుతురు తగలకుండా ఉంచితే చక్కెర కొంత తగ్గుతుంది. అంత వ్యవధి లేకపోతే తరిగిన ముక్కల్ని మరిగే నీళ్లలో ఐదారు నిమిషాలు ఉంచి వార్చండి, చక్కెర కొంత నీళ్లలోకి దిగిపోతుంది. లీటరు నీళ్లకు ఒక టేబుల్ స్పూను వెనిగర్ కలిపితే ముక్కలు చిదిరిపోవు. ముక్కలు విరిగిపోతున్నాయనే ఫిర్యాదుకూ ఇదే జవాబు.

సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ ఫ్రైస్ కోసమే కుఫ్రి ఫ్రైసోనా అనే రకాన్ని తయారుచేసింది. మన కూరగాయల కొట్లో రకం పేరు చెప్పి కొనడం కుదరదు కాబట్టి ఉప్పునీళ్ల పరీక్ష చేసుకోండి. 11 గ్లాసుల నీళ్లలో ఒక గ్లాసు ఉప్పు కరిగించి దుంపలు వేయండి. మునిగినవాటిలో పిండి ఎక్కువ, ఫ్రైస్‌కి అవే. తేలినవి కూరకు వాడుకోండి.

సమస్య: నూనె ఓడుతున్నాయి, వాసన వస్తోంది

నూనె కాగకముందే వేయడం, లేదా మూకుడు నిండా వేయడం. లీటరు నూనెకు రెండు గుప్పెళ్లు చాలు. చేపలో రొయ్యలో వేయించిన నూనె అయితే ఆ వాసన దుంపకు పట్టేస్తుంది. నల్లబడి నురగ కడుతున్న నూనెను పారేయండి.

సమస్య: ఉప్పు, కారం అంటడం లేదు

నూనెలోంచి తీసిన మరుక్షణమే చల్లాలి, పైన నూనె తడి ఆరిపోతే జారిపోతుంది. మన దగ్గర వానల్లో ఉప్పు ముద్దకడుతుంది కదా, బాణలిలో వేడిచేసి మెత్తగా పొడి చేసుకుంటే సమంగా పడుతుంది.

తినడం ఎలా

వేడిగా, వెంటనే. బెల్జియంలో మయొనీస్, ఇంగ్లండ్‌లో వెనిగర్, కెనడాలోని క్యూబెక్‌లో చీజ్ ముక్కలు, గ్రేవీ. మనకు టమాటా సాస్ అలవాటైంది గానీ, నా ఓటు వెల్లుల్లి కారప్పొడికే. ఎండుకొబ్బరి కారం కూడా భేషుగ్గా ఉంటుంది. పొడి కాబట్టి కరకర చెడదు. సాస్ అయితే పక్కన పెట్టుకుని ముంచుకోండి, పైన పోయకండి.

మధ్యాహ్నం పప్పుచారు అన్నంలోకి నంజుకుంటే ఇంకా మంచిది. అప్పుడు అన్నం కలిపాక పిసరంత కూడా ఆలస్యం లేకుండా, వాయి వాయిగా వేయించి వడ్డించాలి. పార్సిల్ తెచ్చుకుంటే దారిలోనే మూత తెరిచి ఉంచండి. మెత్తబడినవాటిని మైక్రోవేవ్‌లో పెట్టకండి, నూనె లేకుండా వేడి పెనం మీద పరిచి రెండు నిమిషాలు తిప్పితే సగం ప్రాణం తిరిగి వస్తుంది.